జైతూన్‌బీ గరిటె

ఉదయగిరి కొండ దిగిన నర్ది కర్రను
చెవి దగ్గర పెట్టుకుని తట్టేది జైతూన్‌బీ.
"ఇది చెంచా కానంటోంది మే,
దువ్వెనే అవతదంట!"

పొదుపు సంఘంలో మేం పదిమందిమి,
పది బొటనవేళ్లం.
పలక మీదైతే చెరిగిపోద్దని
చెక్క మీద చెక్కించింది మా పేర్లు.
నా పేరు చివర 'క్ష్మి' దగ్గర ఉలి జారి
వేలు తెగితే
కొంగు చింపి కట్టి,
"ఇంక మర్చిపోవులే మే" అంది.

ఆ రోజు బ్యాంకులో
సిరా డబ్బీ మూత తెరవనియ్యలేదు మేం.

నలభయ్యో రోజు ఫాతెహా.
డేగిసాలో అన్నం కలుపుతుంటే
గరిటె కాడ అరచేతికి తగిలింది.
చేపకి కళ్లున్నాయి,
పొలుసులు సగమే.

మిగతావి
నన్ను చెక్కమంటదో
ఇట్టాగే వదిలెయ్యమంటదో,
కడిగి, తుడిచి
చెవి దగ్గర పెట్టుకున్నా.