ఒరైదా

నాల్చిక్‌లో కారు షెడ్డు గోడలకు
గుడ్ల అట్టలు అంటించి
మా తమ్ముడు ఆస్తెమిర్ మొదటి పాట కట్టాడు.
నానమ్మ అకార్డియన్‌లోంచి నాలుగు స్వరాలు కోసుకొని
కింద డ్రమ్ము పరిచాడు.
"పెళ్లిలో వాయించేది, కార్లో వింటారట్రా?" అందామె.

విన్నారు.
చలికాలం ముదిరేసరికి
పెర్మ్ హుక్కా గదుల్లో ఆపిల్ పొగ వెంటే అదీ,
రష్యన్ మాటల నడుమ
అర్థం అక్కర్లేని మా ఒరైదా.

నేనిక్కడ టాక్సీ తోలుతాను.
అద్దె గది కోసం ఫోన్ చేస్తే
నా యాస వినగానే పెట్టేసిన గొంతొకటి
ఇంకా చెవిలోనే ఉంది.

రాత్రి వెనకసీట్లో ఎర్రకోటు ఆవిడ
"కొంచెం పెంచు బాబూ" అంది.
ఒరైదా దగ్గర తనూ అందుకుంది,
అకార్డియన్ ఊపిరి తీసుకునే చోట
ఆగకుండా.
ఆ గొంతేనా?
అడగలేదు.
దిగి, ఐదు నక్షత్రాలు ఇచ్చింది.