మాడింది ముందు రాయి

రైసుమిల్లు మూతపడ్డాక నా వాటాకి మిగిలింది
సగం ఖాళీ జమాఖర్చుల పుస్తకం.
మొదటి పేజీల్లో తవుడు, నూక,
ఎవరి బాకీ ఎన్ని బస్తాలో;
ఎనభై ఎనిమిదో పేజీ నుంచి
మట్టపర్తి పల్లాలమ్మ కౌలుకు చేసే
ఎకరం ఇరవై సెంట్లు.

చెప్పేది ఆవిడ. రాసేది నేను, పాత గుమాస్తాని.
ముక్తేశ్వరం అవతల మురుక్కాలవ మలుపులో
గట్టు మీద గోనెసంచి పరుచుకుని
మంగళవారం మంగళవారం కూచునేవాళ్ళం.

స్కేలు పెట్టి గళ్ళు గీశాను:
తేదీ. పని. ఖర్చు. దిగుబడి.
ఆవిడ ఆ గీతల్ని వేలితో తడిమింది.
"ఇంత ఇరుకు మళ్ళలో
నా చేను ఎలా పడద్దిరా అబ్బాయ్?"

ఆ రోజు రాసింది ఇదీ:
జీలుగ నడుమెత్తు. పూత రాకముందే కలియదున్నాం.
మూడోనాడు నీళ్ళు కుళ్ళు వాసన.
వారం దాటాక
చాప ఎత్తిన చోటి నేల వాసన.
"ఆ రెండో వాసన వచ్చాకే ఊడుపులు. రాయి."
వాసనకి గడి లేదు.
మార్జిన్లో రాశాను.

శ్రావణంలో కషాయం ఘాటెక్కువైంది,
కొట్టింది మిట్టమధ్యాహ్నం.
తూర్పు పక్క నాలుగు మళ్ళు
ఇస్త్రీపెట్టె మరిచిపోయిన గుడ్డలా మాడాయి.
నేను మెల్లిగా పేజీ తిప్పబోయాను.
ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.
"పండింది ఎవడైనా రాత్తాడు.
మాడింది ముందు రాయి.
పొద్దు ఎక్కడుందో, పచ్చిమిరప ఎంతేశామో,
చేతిలెక్క తప్పింది ఎవరికో
నా పేరు పెట్టి మరీ రాయి."

పేరు పెట్టి రాశాను.

పుస్తకం చేతులు మారింది.
జిత్తుక ఏసుదాసు పది రోజులుంచుకుని
తిరిగిచ్చేసరికి అంచుల నిండా కోడిగీతలు:
"దోమకి ఆరడుగులకో కాలిబాట తీశాను. ఆగింది."
కింద ఎవరిదో నీలం సిరా:
"మాకాగలేదు. మాది పల్లం."
మళ్ళీ ఏసుదాసు: "ముందు నీరు దించు బాబాయ్."
దాని కింద పెన్సిలుతో, గట్టిగా నొక్కి:
"ఎక్కడికి దించను?"

ఆ మాట దగ్గర అందరి పెన్నులూ ఆగాయి.
మురుక్కాలవ నిండా గుర్రపుడెక్క.
ఆ ఆదివారం పదకొండుమందిమి కొడవళ్ళతో దిగాం.
అదీ లెక్క రాశాను: రెండు పగళ్ళు,
ఒక నీరుకట్టు పాము,
మూడు కిలోల కొర్రమీను, పంచుకోడంలో ఒక తగువు.

నాలుగో ఏడు
పారకి పారకి వానపాము తగిలిన ఏడు
భూమిగలాయన ఫోను చేశాడు.
చెరువు తవ్విస్తున్నాడట.

పొక్లెయిన్ మూడు రోజులు తవ్వింది.
మేం నాలుగేళ్ళు వండిన మన్ను
చేపల చెరువుకి గట్టైంది.
"ఇదీ రాయనా?" అన్నాను.
చాలాసేపు పలకలేదు.
తర్వాత గోతి అంచున గొంతుక్కూచుని అంది:
"నల్లమన్ను ఎంత లోతుకి దిగిందో
కోతలో కనపడతందిగా. మళ్ళీ కనపడదు.
కొలువు."
కొలిచాను.
జానెడు, పైన నాలుగు వేళ్ళు.
నా జానే, ఆవిడది కాదు. అదీ రాశాను.

ఈ ఏడు కౌలు దొరికింది సముద్రం వైపు,
కాలవ చిట్టచివరి తూము కింద డెబ్భై సెంట్లు.
పాత పుస్తకం ఏసుదాసు దగ్గరుంది, ఉండనీ.
కొత్తది మా అమ్మాయి స్కూలు నోట్సు.
గళ్ళు గీయలేదు.

ఆవిడ చిటికెడు మన్ను నాలుక మీద పెట్టుకుని
పక్కకి ఉమ్మింది.
నేను మొదలెట్టాను:
"జూన్ పందొమ్మిది. మబ్బు. పడమటి గాలి.
ఈ నేల గురించి మాకేమీ తెలీదు."
చదివి వినిపించాను.

"ఎందుకు తెలీదు?" అంది కొంగుతో మూతి తుడుచుకుంటూ.
"ఉప్పని తెలిసిందిగా.
అది రాయి."