అర స్వరం

పొద్దున గ్రెనో రేవులో రేడియో
గాలి బలం ఆరు అంది.
త్రోల్స్ ఒప్పుకోలేదు.
స్తంభాన్ని లాగిపట్టిన ఉక్కు తీగల కింద
మెడ వాల్చి నిలబడి విన్నాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు
చర్చీల్లో, బళ్ళలో, ఒంటరి ముసలమ్మల ముందుగదుల్లో
పియానోలు శ్రుతి చేసిన చెవి.
"ఐదే" అన్నాడు. "ఆరైతే తీగ ఇంకా పైన పలుకుతుంది."

తెరచాప ఇక్కడే కుదించి కడదాం అన్నాను.
కరకట్ట దాటాక చూద్దాం అన్నాడు.
ఈ రెండు వాక్యాలూ మా పెళ్ళంత పాతవి.
ఇంకేం అనకుండా
థర్మాస్ మూత బిగించాను,
అవసరమైన దానికంటే గట్టిగా.

కత్తెగాత్ అలకి పొడుగు లేదు, ఓర్పు లేదు.
మహాసముద్రమైతే ఎత్తి, దించి,
మధ్యలో ఊపిరి తీసుకోనిస్తుందట.
ఇది చెంప మీద కొట్టి
ఎందుకు కొట్టిందో మనకి తట్టేలోపు
రెండో చెంప.

కింద క్యాబిన్‌లో సొరుగు ఊడిపడింది.
చెంచాలు, సీసా మూతలు,
పోయిన ఏడాది నుంచి వెతుకుతున్న నా కళ్ళద్దాలు.
సంచి చిరిగి ఉల్లిపాయలు
ఈ గోడ నుంచి ఆ గోడకి
అక్కడేదో పనున్నట్టు దొర్లాయి.

పదకొండు దాటాక గాలి నాతో ఏకీభవించింది.
పడవ ఒక పక్కకి ఒరిగి
అంచు నీళ్ళని దున్నుతోంటే
త్రోల్స్ నా వైపు చూడకుండానే "సరే" అన్నాడు.
నడుము పట్టీ కొక్కెం తాడుకి తగిలించి
నాలుగు కాళ్ళ మీద స్తంభం దాకా పాకాను.
యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు,
చలికి నావి కాకుండా పోయిన వేళ్ళు.
ఒక ముడి. ఇంకో ముడి.
మూడోది తప్పు ముడి, విప్పి మళ్ళీ.
ఒక కెరటం నా కాలరులోంచి దిగి
తీరిగ్గా బూట్ల దాకా వెళ్ళింది.
తిట్టాను. మా భాషలో తిట్లు తక్కువ,
ఒక్క దయ్యాన్నే తిప్పి తిప్పి వాడుకోవాలి.

తిరిగొచ్చేసరికి
తన ముఖం పాత పియానో మెట్ల రంగులో ఉంది.
"కాసేపు పట్టుకో, బోదిల్" అని
చుక్కాని కర్ర నాకిచ్చి
బకెట్ ముందు మోకరిల్లాడు.
ఆ కాసేపు మూడున్నర గంటలు.

అన్హోల్ట్ దీవికి పోయే ఫెర్రీ
తెల్లటి అపార్ట్‌మెంటులా నిటారుగా
మమ్మల్ని దాటిపోయింది.
అద్దం వెనక ఒక పిల్ల
ఐస్‌క్రీమ్ తింటూ చెయ్యి ఊపింది.
నాకు ఖాళీ చెయ్యి లేదు.
గడ్డం ఊపాను.

తను బల్లల మధ్య తడి నేల మీద
పక్కకి ఒత్తిగిలి పడుకుని
నా చీలమండ పట్టుకున్నాడు.
నన్ను ఆపడానికో, తను ఆగడానికో
అడగలేదు, అడిగితే వదిలేస్తాడేమోనని.
ప్రతి పెద్ద అలకీ ముందు పట్టు బిగిసేది.
కళ్ళు మూసుకున్న మనిషికి
నాకంటే ముందే ఎలా తెలిసేదో!

దీవి ఇసుకదిబ్బలు కనిపించి, మాయమై,
మళ్ళీ కనిపించాక
కిందనుంచి గొంతు,
"అర స్వరం దిగింది."
నాకేం తేడా వినపడలేదు,
నా చెవికి అదంతా ఒకటే ఈల.
కానీ తర్వాతి అల ఒళ్ళోకి రాలేదు.
దాని తర్వాతిదీ రాలేదు.
తూర్పుగాలికి దీవి తన వీపు అడ్డం పెట్టింది.

రేవులో మోకులు కట్టాక
తప్పెవరిదో ఇద్దరం ఎత్తలేదు.
తను నేల కడిగాడు,
ఉల్లిపాయలు ఏరి లెక్కపెట్టాడు,
ఒకటి తక్కువ.
బంగాళాదుంప తొక్క తీస్తూ,
దుంపతో చెప్పినట్టు,
"పొద్దున అది ఆరే" అన్నాడు.
"ఐదున్నర" అన్నాను.

అర్ధరాత్రి పడవ కొంచెం కదిలినప్పుడు
చెక్కల కింద ఎక్కడో
ఆ ఉల్లిపాయ దొర్లింది, ఆగింది, మళ్ళీ దొర్లింది.
"అదే స్వరం?" అని అడిగాను.
అప్పటికే గురక.