పది పాళ్లలో ఒకటి

వుల్వర్‌హాంప్టన్ బస్సు డిపో, మూడో పిట్.
రాత్రి రెండు దాటింది.
డబుల్ డెక్కర్ ముందు చక్రానికి పది నట్లు,
ఒక్కోదాని నెత్తిన పసుపుపచ్చ ప్లాస్టిక్ ముక్కు.
ఐదు జంటలు.
పిచికల్లా ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉంటే
అంతా క్షేమం.
ఒక్కటి పక్కకు చూసిందా,
బస్సు కదలడానికి వీల్లేదు.

చేరిన వారంలో మల్కీత్ అడిగాడు:
"గట్టిగా అంటే ఎంత గట్టిగా?"
నేను కండ చూపించాను.
అతను నవ్వలేదు.
జానెడు స్పానర్ ఇచ్చాడు. వేలాడాను. నట్టు ఉలకలేదు.
దానికే బారెడు పైపు తొడిగాడు,
చేతిలో టీ కప్పు కింద పెట్టకుండానే తిప్పాను.
"బలం నీది కాదు బేటీ, దూరానిది."

ఆ మాట నాదే అన్నట్టు రెండు రోజులు తిరిగాను.
మూడో రోజు, పొడిగా బిగించాల్సిన మరచుట్లకు
నూనె పూశాను,
తలుపు బందులకు మా అమ్మమ్మ పూసినట్టు, ధారాళంగా.
రెంచ్ ఎప్పటిలాగే టక్కుమంది.
అంకె కూడా సరిగ్గానే ఉంది, ఆరువందలు.
లోపల స్టడ్ మాత్రం
నమిలిన బబుల్‌గమ్‌లా సాగిపోయింది.

దాన్ని కోసి తీసి నా అరచేతిలో పెట్టాడు,
నడుము సన్నబడి, ఇంకా వెచ్చగా.
తిట్టలేదు.
సుద్దముక్కతో పిట్ గోడ మీద పది గీతలు గీశాడు.
ఐదు చెరిపాడు: నట్టు కింది ఇనుముతో రాసుకోడానికి.
నాలుగు చెరిపాడు: మరతో మర ఒరుసుకోడానికి.
"ఈ మిగిలిందే చక్రాన్ని పట్టుకునేది."

నా నూనె ఆ తొమ్మిదిలోంచి దొంగిలించి
ఈ ఒక్కదానికి పెట్టిందట.
మోయలేకపోయింది.

బోల్టు మేకు కాదు, తీగ.
లాగితే సాగుతుంది, సాగి వెనక్కి రావాలని చూస్తుంది.
ఆ చూడటమే పట్టు.
తెగేదాకా లాగొద్దని మావాళ్లు చెప్పారు గానీ
తెగే ముందు ఒకటుంటుందని చెప్పలేదు:
చేతి కింద నట్టు హఠాత్తుగా మెత్తబడుతుంది,
వాదించి వాదించి ఒక మనిషి
"సరేలే" అన్నట్టు.

ఇప్పుడు టక్కు వినగానే ఆగుతాను.
ఇంకొక్కటి, ఖాయం చేసుకోడానికి, అని భుజం గుంజుతుంది.
నా జీతంలో సగం
ఆ భుజాన్ని ఆపినందుకే.

నాలుగున్నర. డెల్‌రాయ్ తాళాలు ఆడిస్తూ వచ్చాడు.
"అయిపోయిందా, నూకా?"
"లేదు. యాభై మైళ్లు తిప్పి తీసుకురా, మళ్లీ బిగించాలి."
"నీ పని మీద నీకే నమ్మకం లేదా?"
ఏం చెప్పను? పెయింటు నలుగుతుంది, తుప్పు సర్దుకుంటుంది,
ఇనుముకైనా కూర్చోడానికి కాస్త టైము పడుతుంది.

చినుకుల్లో బస్సు గేటు దాటింది.
పది ముక్కులూ ఒక్క పసుపు వలయమై తిరిగాయి.

రెంచ్ పిడిని వెనక్కి, అన్నిటికన్నా చిన్న అంకెకి తిప్పి
పెట్టెలో పడుకోబెట్టాను.
బిగించి వదిలేస్తే దాని స్ప్రింగు అబద్ధాలు నేర్చుకుంటుంది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను:
కుడి భుజం
ఇంకా పైనే ఉంది.