కుడి చెంప

గాజుబల్ల మీద మూడు డబ్బాలు పెట్టింది ఓర్నెల్లా.
మొదటిది ముత్యం రంగు. మూత తీస్తే
పెళ్ళికి పిలిచి గుమ్మంలోనే నిలబెట్టే ఇంటి వాసన.
రెండోది గులాబీ. కుంచె ఆనించకముందే గాల్లోకి లేచింది.
మూడోదానికి రంగే లేదు.
"రాసుకున్నట్టూ ఉండదు, రాసుకోనట్టూ ఉండదు" అంది.
ధర మాత్రం ఉన్నట్టే ఉంది:
డెబ్భై ఎనిమిది యూరోలు, ఎనిమిది గ్రాములకి.

ఏదైనా వేడుకకా, అని అడిగింది.
కాదు, రోజూకి.
రోజూకా? అంది,
నా నీలం యూనిఫారాన్నీ
భుజం మీది బస్సు కంపెనీ గుర్తునీ తడుముతూ కళ్ళతో.
రోజూకే, నివేస్ అనే ఈ మనిషికి.
పండగలకి నా మొహం ఎలాగూ బాగానే ఉంటుంది.
తెల్లవారుజాము నాలుగుంబావుకే దానికి సాయం కావాలి.

నుదుటికి ఒకటి, చెంపకొకటి రాసి పంపింది.
బయట బోరా.
త్రియెస్తేలో ఆ గాలి లేస్తే
స్కూటర్లు వరసగా పడుకుంటాయి,
పెద్దమనుషులు దీపస్తంభాల్ని కౌగిలించుకుంటారు.
మూల తిరిగేలోపు ముత్యాన్నీ గులాబీనీ ఊడ్చుకుపోయింది.
కుడి చెంప మీద రంగులేనిది మిగిలింది.
సరే, నాకంటే గాలికే బాగా తెలుసు.
వెనక్కెళ్ళి కొన్నాను.

పిండి కొద్దీ రొట్టె.
వంటింటి బల్ల దగ్గర లెక్క వేశాను:
నా సీటు ఎడమ పక్క. జనం ఎక్కే తలుపు కుడి పక్క.
పదకొండేళ్ళుగా ఈ ఊరు చూసింది నా కుడి చెంపనే.
అందుకని దానికే పౌడరు.
సగం నుదురు, సగం ముక్కు,
గడ్డం నడిమధ్యకొచ్చి కుంచె ఆపేస్తాను.
మా ఊరికి సరిహద్దులు కొత్తేం కాదు.

చేపల కొట్టు అల్మా ఎక్కుతూ ఆగి
"రాత్రి బాగా నిద్ర పట్టినట్టుందే" అంది.
పట్టలేదు.
పట్టినట్టుంది. ఆ 'ట్టుంది'కే డెబ్భై ఎనిమిది యూరోలు.
స్కూలు పిల్లలు ఏమీ అనలేదు.
వాళ్ళకి డ్రైవరంటే ఒక మోచెయ్యి, ఒక తలుపు చప్పుడు.

రోయానో దాటాక ఒక వంపుంది.
ఎదురు బస్సు ఎడ్విన్‌ది.
రోడ్డు ఇరుకు; అద్దాలు రాసుకోకుండా
నత్తల్లా దాటుతాం ఒకర్నొకరం,
కిటికీకి కిటికీ, చెయ్యి చాస్తే అందేంత.
అతను రెండు వేళ్ళు ఎత్తుతాడు. నేనూ.
అంతే మా పరిచయం.

ఎండకి కమిలి, మచ్చలు తేలి,
ఏడిస్తే ఏడ్చినట్టే ఉండే
నా ఎడమ చెంప అతనొక్కడికే తెలుసు.
నా కుక్క చచ్చిపోయిన వారం బస్సులో ఎవరూ ఏమీ అడగలేదు;
అతను మాత్రం రెండు వేళ్ళు కాదు,
అరచెయ్యి మొత్తం ఎత్తాడు.

అతని ఎడమ చెవి కింద
కొన్ని పొద్దుల్లో గడ్డం సబ్బు ఆరిపోయి తెల్లగా ఉంటుంది.
అంటే అతనూ నాలాగే
జనం వైపు చెంపకే అద్దం చూపిస్తాడన్నమాట.

ఇవాళ కుంచె మీద చిటికెడు మిగిలింది.
దులిపెయ్యడానికి మనసొప్పలేదు. చిటికెడంటే
ఎంత లేదన్నా ఒక కాఫీ ఖరీదు.
ఎడమ చెంప దాకా తీసుకెళ్ళాను.
అక్కడ మొహమాటం అడ్డొచ్చింది.
మొహానికే మొహమాటం, చెప్పుకుంటే నవ్వుతారు.
మోచేతికి రాసేసుకుని బయల్దేరాను.

వంపులో ఎడ్విన్.
నున్నగా గీసుకున్నాడు, చెవి కింద కూడా.
మెడ మీద కొత్త సెంటు మెరుపులాంటిదేదో.
బాగున్నాడు.
ఎందుకో నచ్చలేదు.

రెండు వేళ్ళు ఎత్తాను, కాస్త ఆలస్యంగా.
వెనకాల ఎవరో
దిగాలని బెల్లు కొడుతూనే ఉన్నారు.