ఆదివారం మూడు

గంగపట్నంలో రొయ్యల గుంట.
మేతల పుస్తకంలో నాయన రాసినవి రెండే:
మంగళవారం పన్నెండు చచ్చినయ్,
శుక్రవారం తొంభై ఆరు.
నడుమ రోజులు ఏరేటర్ హోరులో
కొట్టుకుపోయినయ్.

పన్నెండుతో భాగించా. ఎనిమిది.
మూడు రోజులకి ఎనిమిదింతలు,
ఘనమూలం తీస్తే
రోజుకి రెండింతలు.

గీత ముందుకి సాగదీయబోతే
పెన్సిల్ జంకింది.
వెనక్కి నడిచా.
సోమవారం ఆరు.
ఆదివారం...

"ఆదివారం మూడు పోయినయ్యా నాయనా?"

"ఎవురు చెప్పారు?
చెక్‌ట్రేలో తేలినయ్.
కాకులకేశా.
మూడే గదా పాపా, రాసేదేముందని."

మూడు ఇంటూ రెండు పవర్ ఎక్స్.
రాసి, పుస్తకం మూశా.

టార్చి వేసి నీళ్లలోకి చూస్తా ఉన్నాడు.
రేపు సోమవారానికి ఎన్నో
అడగలేదు.
నా దగ్గరుంది.