చీమూ నెత్తురూ

గుంటూరు కొత్తపేటలో మా ల్యాబుకి
మిర్చియార్డు నుంచి సలోమి వచ్చింది.
తొడిమలు తీసే వేలికి గోనెసూది దిగి నాలుగు రోజులు.
చంకలో బిళ్ల కట్టింది. ఒళ్లు పెనం.
సగం బస్తాకే కూలబడిందని
"చీమూ నెత్తురూ లేవా నీకు?" అన్నాట్ట మేస్త్రీ.

స్లైడు మీద వంగాను.
తెల్లకణాలు,
పురుగుని మింగి, మింగినచోటే చచ్చి
కుప్పలు కుప్పలు.
చీమంటే అదే.
జ్వరం, అవి రాజేసుకున్న కుంపటి.
బిళ్ల లోపల ఇంకొన్ని
ఆ ముఖాన్ని బట్టీపడుతుంటాయి,
మళ్లీ వస్తే పోల్చుకోడానికి.

కాగితం మీద పద్దెనిమిది వేలని రాశాను.
"ఎక్కువాండీ?"
"ఉన్నాయమ్మా. చీమూ ఉంది, నెత్తురూ ఉంది.
మేస్త్రీకి చెప్పు."

ఆమె కొంగు దులిపి లేచింది.
ఆ ఘాటుకి
నాకు తుమ్ములే తుమ్ములు.